మంచి వాసన వచ్చేదాకా

"మమ్మీ, కిటికీ ఎందుకు తీసినవ్? నీకు వాసనొస్తలేదా?"

జెస్సీ ఈ మాట అన్నప్పుడు నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. ఆగస్టు నెల, పొద్దు గూకే వేళ, అప్పుడే వాన వెలిసింది. ఆడుకుని వచ్చిన పిల్ల గడప దగ్గరే ఆగిపోయి, టీషర్టు మెడ ముక్కు మీదికి లాక్కుని నన్ను వింతగా చూస్తోంది. నేను కిటికీ దగ్గరికి పోయి గట్టిగా గాలి పీల్చాను. చల్లగా ఉందని తెలిసింది. మళ్ళీ పీల్చాను. చల్లదనం తప్ప అందులో ఇంకేమీ లేదు. వెనక స్టవ్ మీద పాలు మాడుతున్నాయని కూడా జెస్సీయే చెప్పింది. నేను వాటికి చేతికందే దూరంలో ఉన్నాను.

నా ఒళ్ళు చల్లబడింది పాలు మాడినందుకు కాదు. అంతకుముందు వారమంతా నేనెంత సంతోషంగా ఉన్నానో గుర్తొచ్చి.

మేముండేది జిన్నారం దిక్కు ఒక కాలనీలో, కిరాయి ఇంట్లో. వెనక పొలాలు, పొలాల వెనక కంపెనీల గోడలు. మబ్బు పట్టిన రోజు సాయంత్రం కాగానే ఒక వాసన దిగుతుంది. ఒకరోజు కుళ్ళిన గుడ్డులా, ఇంకోరోజు గోళ్ళరంగులా. రాగానే ఆరేసిన బట్టలు తెచ్చుకుని, కిటికీలు మూసి, తలుపు కింద తడిగుడ్డ పెట్టుకుంటాం. ఎవరూ ఎవరికీ చెప్పరు. వీధి పొడవునా కిటికీలు టపటపా మూసుకుంటాయి, అంతే.

జూలై చివర్లో నాకు జ్వరం వచ్చింది. తగ్గి లేచేసరికి ఆ వాసన లేదు. కంపెనీ బంద్ అయిందనుకున్నాను. ఎవరో గట్టిగా ఫిర్యాదు చేసి ఉంటారనుకున్నాను. అన్నం చప్పగా ఉంటే, జ్వరం నోరు కదా అనుకున్నాను. వారమంతా కిటికీలు తీసిపెట్టి, పిల్లల పరుపును గాలి తగిలేటట్టు అక్కడికే జరిపాను. ఎదురిళ్ళ కిటికీలు మూసే ఉంటే, వీళ్ళకు ఇంకా అలవాటు పోలేదని జాలిపడ్డాను. నాలుగేళ్ళ సన్నీగాడు దగ్గుతుంటే నా జ్వరమే వాడికి అంటిందని మిరియాల పాలు తాగించాను.

ఆ సాయంత్రం కిటికీలన్నీ మూసి, ఇంట్లో ఉన్నవన్నీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, అగ్గిపుల్ల, పౌడరు డబ్బా. చివరికి సన్నీగాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడి నెత్తి వాసన చూశాను. చెమటా, నూనే, మట్టీ కలిసిన ఆ వాసన కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టేదాన్ని. వాడి జుట్టు నా ముక్కుకు గుచ్చుకుంది. ఇంకేమీ లేదు.

ఇప్పుడు మళ్ళీ వానలు మొదలయ్యాయి. పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. వాసన కొద్దికొద్దిగా, తప్పుతప్పుగా తిరిగొస్తోంది. నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది గానీ కాఫీ కాలిన టైరులా ఉంది. మా దిక్కు ఎవరికైనా జ్వరం తగ్గాక గాలి హఠాత్తుగా బాగుపడినట్టు అనిపిస్తే, వాళ్ళు ముందు తమ ముక్కును అనుమానించాలని చెప్పడానికే ఇదంతా.

*

సెప్టెంబరంతా సంగారెడ్డిలో ముక్కు డాక్టరు దగ్గర బెంచీ మీదనే గడిచింది. నా చుట్టూ చెవిపోటు పిల్లలు, ముక్కులో శనగగింజ ఇరికించుకున్న పిల్లలు. వాళ్ళ తల్లులు "మీకేమైంది?" అంటే చెప్పడానికి సిగ్గేసేది. రక్తం లేదు, వాపు లేదు, నొప్పి లేదు.

డాక్టరు మంచాయనే. "నరం దెబ్బతిన్నది. కొందరికి నెలల్లో వస్తది. కొందరికి ఏడాది పడుతుంది."

"రాకపోతే?"

ఆయన కలం మూత పెట్టుకుని, "వస్తదనే అనుకుందాం" అన్నాడు. ఆ "అనుకుందాం" నాకు నచ్చలేదు.

బయట బెంచీ మీద పక్కనే ఒక బీహారీ అమ్మాయి, ఒళ్ళో బిడ్డతో. ఫోన్లో మా అత్తమ్మకు నేను చెబుతున్నది విన్నట్టుంది. సంచిలోంచి ఒక నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "దీదీ, రోజ్ సూంఘో, వాసన చూడు. పొద్దున, సాయంత్రం. మా ఆయనకు గిట్లనే పోయింది, గిట్లనే వచ్చింది" అంది, సగం హిందీ, సగం తెలుగు. నేను థాంక్స్ చెప్పి సంచిలో వేసుకున్నాను. బస్సెక్కినప్పటి నుంచి అదే అనుమానం. ముక్కూ మొహం తెలియని మనిషి ఊరికే నిమ్మకాయ ఎందుకిస్తుంది? దిష్టి తీసిన కాయేమో? మేము చర్చికి పోయేవాళ్ళం, అలాంటివి నమ్మం. అయినా ఆ కాయను గుమ్మం లోపలికి తేలేదు. గోడ మీద పెట్టాను. తెల్లారి చూస్తే పసుపుపచ్చగా, అమాయకంగా, మంచులో తడిసి ఉంది. తెచ్చి కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆమె పేరైనా అడగలేదు.

అప్పుడు నేను ఆ స్థితిలో ఉన్నాను. పాల ప్యాకెట్ మీద తేదీ నమ్మను. నీళ్ళ క్యాన్ నమ్మను. సిలిండర్ నాబ్ కట్టేశానా లేదా అని పడుకున్నాక లేచి లేచి చూసేదాన్ని. అన్నిటికంటే ఎక్కువగా మా ఆయన్ను అనుమానించాను. ఆయన గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టు కెమిస్టు. డ్యూటీ దిగి ఇంట్లో అడుగు పెట్టగానే అడిగేదాన్ని.

"బయట వాసనుందా?"

"లేదు."

"నిజంగ?"

"నిజంగనే. జెర చాయ్ పోస్తవా?"

"నీ కంపెనీయే గద. ఉన్నా లేదనే అంటవ్."

ఒకరోజు బ్యాగు కింద పడేశాడు. "అంటే ఏంది సునీ? నా పిల్లలకు నేనే విషం పీలిపిస్తనా?"

జెస్సీ పుస్తకం మీద నుంచి తలెత్తలేదు. పెన్సిల్ మాత్రం ఆగింది. ఆయన స్నానం చేసి వచ్చి, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. "నాకు నిజంగనే తెల్వదు. డ్యూటీ దిగినంక గంటలకొద్ది నాకేం వాసన రాదు. మా దగ్గర అందరికి గంతే."

అబద్ధం చెప్పినా బాగుండేది అనిపించింది.

*

దసరా సెలవులకు జోగిపేట నుంచి అత్తమ్మ వచ్చి, మా దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో ఒక పెద్ద ముక్కు దొరికిందని సంబరపడ్డాను. ఆమె ముక్కుపొడి పీలుస్తుందన్న సంగతి మర్చిపోయాను. పాస్టరమ్మకు తెలియకుండా బొడ్లో చిన్న డబ్బా దాచుకుంటుంది. పెరుగు చూపిస్తే "మంచిగుంది" అనేది, అది ఏ రోజుదైనా.

పైగా ఒక కట్టుబాటు తెచ్చింది. సన్నీగాడు పప్పన్నం ముద్ద ముక్కు దగ్గరికి తీసుకుంటే చేతి మీద ఒక్కటేసింది. "అన్నాన్ని వాసన చూస్తర్రా? కుక్కలు చూస్తయి. దేవుడిచ్చింది కండ్లకద్దుకుని తినాలె." మా అమ్మ కూడా నాకు ఇదే నేర్పింది. అందుకే నేను కూడా "నానమ్మ చెప్పింది ఇనుండ్రి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నాకు పాత వంట పుస్తకాల పిచ్చి డిగ్రీ చదివేటప్పటి నుంచి ఉంది. సంగారెడ్డిలో పాత పేపర్ల దుకాణం ముందు గైడ్ల కుప్పల మధ్య అట్ట ఊడిన వంట పుస్తకం దొరికితే ఆ రోజంతా హుషారే. కొత్తవి కొనను. కొత్త పుస్తకంలో రాసినామె ఒక్కతే ఉంటుంది. పాతదాంట్లో ఆమెతో కొట్లాడిన ఇంకొకామె కూడా ఉంటుంది. ఒక పుస్తకంలో బొబ్బట్ల పక్కన పెన్సిలుతో "చెల్లె వచ్చిన రోజు చేసిన, అందరం మస్తు నవ్వినం" అని ఉంది. ఎందుకు నవ్వారో లేదు. ఇంకోదాంట్లో ఆవకాయ పేజీ మీద ఏ పిల్లో బాతు బొమ్మ వేసింది. కొన్ని పేజీలు నూనె పీల్చి అద్దంలా అయి ఉంటాయి. పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి వదిలితే దానంతటదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంటుంది. ఆ ఇంటివాళ్ళు ఏది ఇష్టంగా తిన్నారో అట్లా తెలుస్తుంది.

ఆ దసరాకు వాటిని ముందేసుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది. పోపు కమ్మని వాసన వచ్చేదాకా. మసాలా పచ్చివాసన పోయేదాకా. ధనియాలు మంచి వాసన వచ్చేదాకా దోరగా వేయించండి. ఇన్నేళ్ళుగా చదివినా గమనించలేదు. ప్రతి వంటా ముక్కున్నవాళ్ళ కోసమే రాశారు.

ఒక్క పుస్తకం తప్ప. మొదటి పేజీలో నీలం సిరాతో "ఇ. సుగుణ, టీచర్, జోగిపేట" అని ఉంది. ఈమె పుస్తకంలో ఉన్న ఒక్క ముక్కనూ నమ్మలేదు. "ఇది అబద్ధం" అని ఒకచోట. "రెండుసార్లు చేసిన, రెండుసార్లూ చెడింది, ఈమె ఎన్నడూ వండినట్టు లేదు" అని ఇంకోచోట. ఇంతకుముందు ఇవి చదివి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, "మంచి వాసన వచ్చేదాకా" అని అచ్చయిన చోటల్లా ఆమె ఆ మాట కొట్టేసి ఉంది. పక్కన చిన్న చిన్న అక్షరాలు. "వాసన నమ్మొద్దు. ధనియం ఒకటి కొరుకు, పటుక్కుమంటే దించు." "నమ్మొద్దు. మసాలా నూనె ఇడిచి అంచుకు రావాలె." "నమ్మొద్దు. ఉల్లిగడ్డ గరిటెకు అంటకుండ జారాలె."

ఆమెకు కూడా ముక్కు పోయిందని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఇంకెవరికి అవసరం ఇట్లా రాసుకోవడం?

చలికాలమంతా ఆమె రాసినట్టే వండాను. కళ్ళతో, చెవులతో, పంటితో. పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు. వంట చేస్తూ ఆమెతో మాట్లాడేదాన్ని. "టీచర్, మీకు కూడ బిడ్డల నెత్తి వాసన పోయిందా?" అని. ఆమె రాతల కింద మార్జిన్‌లో పెన్సిలుతో నావి కూడా రాశాను. అత్తమ్మకు పుస్తకం చూపిస్తే, "సుగుణ టీచరా? నీ పెండ్లిల ముందు వరుసల కూసున్నది గద. ఇప్పుడు సంగారెడ్డిల కొడుకు దగ్గరుంటది" అంది, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు.

*

మార్చిలో, ఎండలు ముదిరాక, ఒక ఆదివారం పొద్దున్నే అందరం కలిసి బస్సులో సంగారెడ్డికి టీచర్ దగ్గరికి పోయాం. మా ఆయన మమ్మల్ని ఆ ఇంటి దాకా దిగబెట్టి, అట్నుంచటే మధ్యాహ్నం డ్యూటీకి పోయాడు.

సుగుణ టీచర్ తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది. చూపు నా మొహం మీద ఆగలేదు, చేతిలో పుస్తకం మీద ఆగింది.

"అది నాది."

"అవును టీచర్."

"కోడలు పాత పేపర్లల్ల ఏసింది. దేవులాడి దేవులాడి సచ్చిన. వాపస్ ఇయ్యనీకొచ్చినవా?"

"ఒకటి అడగనీకొచ్చిన."

"ఇచ్చి అడుగుతవా, అడిగి ఇస్తవా?"

అత్తమ్మ ముందుకొచ్చి "సుగుణక్కా, నేను" అంటే గానీ గొలుసు ఊడలేదు. కూర్చున్నాక నీళ్ళిచ్చింది. నేను ఎన్ని నెలలుగానో దాచుకున్న మాట అడిగాను.

"మీకు వాసన ఎప్పుడు పోయింది టీచర్?"

"ఏం వాసన?"

"ముక్కుకు."

ఆమె అత్తమ్మ వైపు తిరిగింది. "నీ కోడలికేమైంది?"

అత్తమ్మ అంతా చెప్పింది. టీచర్ విని, నా దగ్గరికి వంగి, ఒక్కసారి గాలి పీల్చింది. "నా ముక్కు బంగారం లెక్కుంది బిడ్డా. నువ్వు పొద్దున నిమ్మకాయ ముట్టినవ్. నీ చిన్నోడు బస్సుల సీటు నాకినట్టున్నడు, ఇనుము వాసనొస్తుండు. మీ అత్త ముక్కుపొడి పీల్చి వచ్చింది."

అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జెస్సీ పకపకా నవ్వింది.

"మరి ఇవన్నీ ఎందుకు రాసిన్రు?" పుస్తకం తెరిచి చూపించాను. "అన్నిచోట్ల వాసన నమ్మొద్దు, నమ్మొద్దు అని..."

"అవా? అప్పట్ల కిరాయి గది. వత్తుల స్టవ్వు. చారు పెట్టినా, చాయ్ పెట్టినా అంత కిరోసిన్ కంపే. ఇగ మంచి వాసన ఏడికెళ్ళి వస్తది? అందుకని గట్ల రాసుకున్న. గ్యాసొచ్చినంక ఎవరు చూసిన్రు గవి!"

కిరోసిన్. అన్ని నెలలు నేను తోడనుకున్న మనిషికి రోగమే లేదు. నా మొహం చూసి ఆమెకు ఏమర్థమైందో, పుస్తకం తిరిగి నా ఒళ్ళో పెట్టింది. "ఉంచుకో. ఈడుంటే నా కోడలు మల్ల అమ్ముతది." అన్నం తినేదాకా కదలనీయలేదు. పిల్లలకు రెండు జేబుల నిండా రేగుపండ్లు పోసింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పిల్లలకు మళ్ళీ ఆకలి. ముందురోజు పుస్తకం చూసి చేసిన కోడికూర ఫ్రిజ్‌లో ఉంది. తీశాను. రంగు మారలేదు, బురుగు లేదు, జిగురు లేదు, వేడి చేస్తే నూనె అంచుకు వచ్చింది. సుగుణ టీచర్ చెప్పినవన్నీ ఉన్నాయి. పిల్లలిద్దరికీ పెట్టాను. అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు, అత్తమ్మ నీసు ముట్టదు. నాకు ఏది తిన్నా ఒకటే కాబట్టి మజ్జిగన్నం తిన్నాను.

పడుకునే వేళకు సన్నీగాడు కక్కడం మొదలుపెట్టాడు. ఆగలేదు. కళ్ళు లోపలికి పోయాయి. పటాన్‌చెరులో ఆసుపత్రికి చేరేసరికి నా భుజం మీద వాడి తల బట్టలా వేలాడుతోంది. సూది కోసం నరం దొరకక నర్సు రెండు చేతులూ వెతికింది. పక్క మంచం మీద ముసలాయన భార్య, ఎవరో, తన దుప్పటి తెచ్చి వాడికి కప్పి పోయింది. ఆ దుప్పటిని మాత్రం నేను అనుమానించలేదు. ఎదురింటామె ఫోన్ చేసి "ఏమైంది అక్కా? పొద్దటి నుంచి కరెంటే లేకుండె, మీరొచ్చే ముందే వచ్చింది" అంది. అప్పుడు తెలిసింది. టీచర్ రాసుకున్నవన్నీ వండేటప్పటివి. వండింది పాడైందా లేదా అన్నది అందులో ఎక్కడా లేదు.

సెలైన్ సగమయ్యాక డాక్టరు "భయం లేదు" అన్నాడు. డ్యూటీ నుంచి సరాసరి వచ్చిన మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జెస్సీ నా పక్కన బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"నాకు ముందుగాలనే ఎరుక మమ్మీ," అంది.

"ఏంది?"

"చికెన్ వాసనొచ్చింది. నేను తిన్లే, ముక్కలు ప్లేటు కింద పెట్టిన. తమ్మునికి కూడ మెల్లగ చెప్పిన. వాడు ఇన్లే."

"మరి నాకెందుకు చెప్పలే జెస్సీ?"

"అన్నం వాసన చూడొద్దన్నరు గద. మల్ల, నువ్వు పుస్తకం చూసి మస్తు కష్టపడి చేసినవ్. బాగలేదంటే ఏడుస్తవని."

పిల్లకు ఇంకా చెప్పాలని ఉన్నట్టుంది. తండ్రి వైపు ఒకసారి చూసి చెప్పేసింది. "కిటికీ సంగతి కూడ. వాసనొస్తే డాడీకే చెప్తున్న. మమ్మీకి చెప్పకు, పరేషానయితదని అన్నడు. నేను, డాడీ కలిసి సప్పుడు గాకుండ మూస్తున్నం."

ఆయన గోడ దగ్గర నుంచి కదలలేదు. "నీకు నిద్ర పట్టాలెనని," అన్నాడు.

అంటే నా అనుమానం నిజమే. నెలల తరబడి ఇంట్లో అందరూ నా దగ్గర దాస్తున్నారు. ఎప్పుడో ఒకరోజు పట్టుకుంటానని, పట్టుకున్నప్పుడు గట్టిగా అరుస్తానని అనుకునేదాన్ని. తీరా పట్టుకున్నాక చూస్తే, వాళ్ళు దాచింది నన్ను చూసి భయపడి. ఆ ఇంట్లో పనిచేసే ముక్కు ఒక్కటే ఉంది, ఎనిమిదేళ్ళ పిల్లది. దాన్ని మర్యాద పేరుతో మేమందరం కలిసి మూసేశాం.

పొద్దున్నే సన్నీగాణ్ణి ఇంటికి పంపారు. గంజి కాచి, జెస్సీకి ఉప్మా చేసి, ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టాను. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. మా ఆయన చెప్పులైనా విప్పలేదు. వాళ్ళ ముందే పిల్లలకు చెప్పాను.

"ఇగ నుంచి ఎవ్వరేది పెట్టినా ముందుగాల వాసన చూడుండ్రి. నేను పెట్టినా, నానమ్మ పెట్టినా, చర్చిల పెట్టినా. బాగలేకుంటే బాగలేదని మొఖం మీదనే చెప్పుండ్రి. నేను ఏడిస్తే ఏడుస్త, ఏం కాదు, మీరు చెప్పుడు మాత్రం ఆపొద్దు. కిటికీ సంగతి కూడ నాకే చెప్పుండ్రి, నిద్రల ఉంటే లేపుండ్రి. డాడీ ఏం లేదన్నా నమ్మొద్దు. నేను ఏం లేదన్నా నమ్మొద్దు. మీకొచ్చిందంటే వచ్చినట్టే. ఇప్పుడు గంజి వాసన చూసి చెప్పు సన్నీ, తినొచ్చా?"